మీరు తిరిగి వచ్చాక ఆ పిల్లలకు ఏం మిగులుతుంది?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఐదు ఒకే విషయాన్ని, అంటే విదేశాల్లోని పిల్లల ఆశ్రమాలకు వెళ్ళి సాయం చేయడం గురించి, ఐదు వైపుల నుంచి అడిగాయి. అందుకని మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, వీటికే జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు, వారు ప్రస్తావించిన సంస్థల పేర్లు తొలగించాను.

ప్రశ్న: మేము 14 మందిమి, చదువుకునే రోజుల నుంచి స్నేహితులం. ఇన్నాళ్ళూ ఎవరికి తోచిన సాయం వారు చేస్తూ వచ్చాం గాని, ఈసారి అందరం కలిసి విదేశంలోని ఒక పిల్లల ఆశ్రమానికి వెళ్ళి, రెండు వారాలు అక్కడే ఉండి, పిల్లలకు పాఠాలు చెప్పాలని, ఆటలు ఆడించాలని, గోడలకు రంగులు వేయాలని అనుకున్నాం. ఇలాంటి ప్రయాణాలు ఏర్పాటు చేసే సంస్థ ఒకటి దొరికింది. మనిషికి ఇంతని రుసుము కడితే వసతి, భోజనం, ఆశ్రమంలో పని అన్నీ వారే చూసుకుంటారు. మా గురించి పెద్దగా ఏమీ అడగలేదు. సగం డబ్బు కట్టేశాం. ఇంతలో మాలో ఒకరి అక్కగారు, ఆమె పిల్లల మనస్తత్వ నిపుణురాలు, ఇలాంటి ప్రయాణాల వల్ల పిల్లలకు మేలు కన్నా కీడే ఎక్కువ అన్నారు. దానితో మాలో రెండు వర్గాలయ్యాయి. తల్లీ తండ్రీ లేని పిల్లలకు రెండు వారాలు ప్రేమ పంచితే తప్పెలా అవుతుందని కొందరు గట్టిగా అడుగుతున్నారు. వెళ్ళమంటారా, మానమంటారా?

జవాబు: మీరు రాసిన ఏర్పాటు మీద అయితే వెళ్ళవద్దు. కట్టిన డబ్బులో కొంత పోయినా సరే, ఈ ప్రయాణాన్ని ఆపుకోండి. ఇంత కచ్చితంగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను, ఎందుకంటే మీలో రెండో వర్గం వారు అడుగుతున్న ప్రశ్న మంచి మనసులోంచి వచ్చినది, దాన్ని ఒక్క మాటతో తోసిపుచ్చడం న్యాయం కాదు.

పిల్లల సంరక్షణ రంగంలో అడుగుపెట్టిన తొలి ఏడాది నేను ఒక ఆశ్రమంలో కొన్ని నెలలు పనిచేశాను. బయటి నుంచి బృందాలు తరచుగా వచ్చిపోయే చోటు అది. అక్కడ ఏడేళ్ళ పిల్లవాడొకడు ఒక రేకు డబ్బాను పరుపు కింద దాచుకునేవాడు. ఒకరోజు నన్ను నమ్మి మూత తీసి చూపించాడు. లోపల సందర్శకులు మెడలో వేసుకునే పేరు చీటీలు, తాళ్ళతో సహా, చుట్టలు చుట్టి ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పరుపు మీద వరుసగా పేరుస్తూ, ఈ అక్క పాట నేర్పింది, ఈ అన్న భుజాల మీద ఎక్కించుకున్నాడు, ఈమె మళ్ళీ వస్తానంది, అని చెప్పుకుంటూ పోయాడు. మొత్తం 23 చీటీలు. అందులో రెండోసారి వచ్చిన మనిషిది ఒక్కటీ లేదు. అన్నీ పేర్చాక నా మెడలోని చీటీ వైపు చూసి, “నువ్వెప్పుడు వెళ్తావు?” అని అడిగాడు. ఎన్నాళ్ళుంటావని అడగలేదు. వెళ్ళడం ఒక్కటే వాడికి ఖాయంగా తెలిసిన విషయం.

ఆ ఆశ్రమంలోనే చిన్నపిల్లలను చూసుకునే ఆయా, బృందం బయలుదేరే రోజు ఉదయానికల్లా దుప్పట్లన్నీ ఉతికి ఆరేసి సిద్ధంగా ఉంచుకునేది. ఎందుకని అడిగితే, బండి గేటు దాటిన రాత్రి ముగ్గురు నలుగురు పిల్లలు తప్పకుండా పక్క తడుపుతారని చెప్పింది. వచ్చినవారు ఆ రాత్రిని ఎన్నడూ చూడరు. వారు చూసేది పిల్లలు చేతులు ఊపుతూ వీడ్కోలు చెప్పడం వరకే.

పసివాడు లోకాన్ని నమ్మడం నేర్చుకునేది ఒకరిద్దరు మనుషుల ద్వారా. ఏడిస్తే వచ్చే మనిషి, జ్వరం వస్తే పక్కన కూర్చునే మనిషి, నిన్నటి మనిషే ఇవాళా రేపూ ఉంటుందన్న భరోసా, ఇవే వాడికి పునాది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో చెప్పిన సారం ఇదే: తల్లితో గాని, తల్లి స్థానంలో స్థిరంగా నిలిచే మనిషితో గాని ఆత్మీయమైన, ఎడతెగని అనుబంధం ఉండటం పిల్లల మానసిక ఆరోగ్యానికి అత్యవసరం. ఎడతెగని అన్న మాటను మీ మిత్రులకు చదివి వినిపించండి. రెండు వారాల ప్రేమలో లోపించేది ప్రేమ కాదు, ఆ కొనసాగింపు.

మీ బృందం అడుగుపెట్టిన మొదటి గంటలోనే పిల్లలు పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకోవచ్చు, ఒళ్ళో ఎక్కి కూర్చోవచ్చు. దాన్ని చూసి ఎంతో మంది కళ్ళనీళ్ళ పర్యంతమవుతారు. కానీ ఇంట్లో పెరిగే నాలుగేళ్ళ పిల్లవాడు కొత్తవారిని చూస్తే అమ్మ కొంగు చాటుకు పోతాడు. అది వాడు క్షేమంగా పెరుగుతున్నాడనడానికి గుర్తు. ముక్కూ మొహం తెలియని మనిషి చంక ఎక్కే పిల్ల, తనదంటూ ఒక మనిషి లేక, కనిపించిన ప్రతివారిలోనూ ఆ మనిషిని వెతుక్కుంటున్న పిల్ల. రొమేనియాలో 1989లో నియంత చౌషెస్కు పాలన కూలిన తర్వాత, లక్షకు పైగా పిల్లలు ప్రభుత్వ ఆశ్రమాలలో ఉన్నారని లోకానికి తెలిసింది. అక్కడి బుకారెస్ట్ నగరంలో 2000లో మొదలైన పరిశోధనలో శాస్త్రవేత్తలు ఆశ్రమాలలో ఉన్న 136 మంది పసిపిల్లలను తీసుకొని, సగం మందిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలలో ఉంచి, మిగిలినవారు ఆశ్రమాలలోనే ఉండగా, రెండు వర్గాలనూ ఏళ్ళ తరబడి గమనించారు. తెలివితేటలలోనూ, మనుషులతో ముడిపడే తీరులోనూ కుటుంబాలకు చేరిన పిల్లలు ముందున్నారు. వారిలోనూ రెండేళ్ళలోపే చేరినవారు ఎక్కువగా కోలుకున్నారు. కడుపుకు తిండి, తలపై కప్పు ఉన్నంత మాత్రాన పసితనం నిలబడదు.

ఆఫ్రికాలో ఎయిడ్స్ వల్ల పెద్దలను పోగొట్టుకున్న పిల్లల ఆశ్రమాలకు విదేశీ వాలంటీర్ల తాకిడి పెరిగినప్పుడు, లిండా రిక్టర్, ఎమీ నార్మన్ అనే ఇద్దరు పరిశోధకులు 2010లో ఈ విషయాన్నే ఎత్తి చూపారు. కొద్దిరోజుల కోసం వచ్చి, పిల్లలతో గాఢంగా కలిసిపోయి, అంతలోనే వెళ్ళిపోయే మనుషుల వరుస, అప్పటికే ఒకసారి విడువబడిన పిల్లలకు ఆ విడిచిపోవడాన్నే మళ్ళీ మళ్ళీ చూపిస్తుందన్నది వారి హెచ్చరిక.

ఇక మీ ఉత్తరంలో “తల్లీ తండ్రీ లేని పిల్లలు” అన్న మాట ఉంది. సేవ్ ద చిల్డ్రన్ సంస్థ 2009లో ప్రచురించిన నివేదిక ప్రకారం, ప్రపంచవ్యాప్తంగా ఆశ్రమాలలో ఉన్న పిల్లలలో ప్రతి ఐదుగురిలో కనీసం నలుగురికి తల్లి గాని, తండ్రి గాని, ఇద్దరూ గాని బతికే ఉన్నారు. మరి ఆశ్రమంలో ఎందుకున్నారు? ఎక్కువ మంది విషయంలో కారణం పేదరికం. ఊళ్ళో బడి లేకపోవడం, ఇంట్లో జబ్బు, ఒంటరి తల్లి, పిల్లకు వైకల్యం. పట్నంలో చదువు చెప్పిస్తామని ఎవరో వచ్చి చెబితే, కన్నవారు నమ్మి పంపిస్తారు. కంబోడియాలో 2005, 2010 సంవత్సరాల మధ్య ఆశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ ఐదేళ్ళలో అనాథలు అంతగా పెరగలేదు, పెరిగింది పర్యాటకులు, దాతలు. అక్కడి ఆశ్రమాలలోని పిల్లలలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా తల్లో తండ్రో ఉన్నారని తేలింది. నేపాల్‌లో 75 జిల్లాలున్న కాలంలో పిల్లల గృహాలలో అత్యధిక భాగం కాఠ్మాండూ లోయ, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటకులు తిరిగే ఐదు జిల్లాలలోనే ఉండేవి. పిల్లలు మాత్రం హుమ్లా వంటి మారుమూల కొండ జిల్లాల నుంచి వచ్చినవారు. ఆపదలో ఉన్న పిల్లల కోసమే ఆ గృహాలు పుట్టి ఉంటే, అవి ఆ కొండల దగ్గర ఉండవలసింది.

మీరు కట్టే రుసుము ఎవరిని ఎటు నడిపిస్తుందో ఇప్పుడు చూడండి. వచ్చే బృందాలకు చూపడానికి పిల్లలు కావాలి. పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోతే రాబడి పోతుంది. అందరు నిర్వాహకులూ ఇలా ఆలోచిస్తారని నేననను, నిజాయితీగా ఒళ్ళు వంచి పనిచేసేవారిని ఎందరినో చూశాను. కానీ ఏర్పాటే అలా ఉన్నప్పుడు మంచివారు కూడా ఆ ప్రవాహంలో కొట్టుకుపోతారు. ఆస్ట్రేలియా పార్లమెంటు కమిటీ 2017 డిసెంబరులో ఆధునిక బానిసత్వంపై ఇచ్చిన నివేదికలో, ఆశ్రమాలను నింపడం కోసం జరిగే పిల్లల అక్రమ రవాణాకు ఒక అధ్యాయమే కేటాయించింది. ఆశ్రమాలలో వాలంటీర్ కార్యక్రమాల వల్ల, పర్యాటకంతో ముడిపడ్డవాటితో సహా, కలిగే హానిని అరికట్టాలని ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ 2019 డిసెంబరులో తీర్మానించింది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన వాక్యం “మా గురించి పెద్దగా ఏమీ అడగలేదు” అన్నది. ముక్కూ మొహం తెలియని 14 మంది పెద్దలను, పోలీసు ధ్రువీకరణ లేకుండా, ఎవరి సిఫారసూ లేకుండా, పిల్లలు పడుకునే గదుల వరకు రానిచ్చే ఆశ్రమం, మీకు తెరిచిన తలుపునే మరొకడికీ తెరుస్తుంది. వాడు ఏ ఉద్దేశంతో వస్తాడో మీరు ఊహించగలరు. ఈ ఒక్క కారణం చాలు, మిగిలినవన్నీ పక్కన పెట్టినా, వెళ్ళకూడదని నిర్ణయించుకోవడానికి.

మీ శ్రమ, మీరు పోగుచేసిన డబ్బు వృథా కానక్కరలేదు. ఏ ఆశ్రమాన్నైనా మొదట ఒక ప్రశ్న అడగండి: పోయిన ఏడాది మీ దగ్గర నుంచి ఎంతమంది పిల్లలు ఇంటికి చేరారు? అంకెతో సహా జవాబు చెప్పి, ఎలా పంపారో, తర్వాత ఎవరు వెళ్ళి చూస్తున్నారో వివరించగలిగితే, వారితో మాట్లాడటం కొనసాగించండి. వారికి అక్కడి ప్రభుత్వ నమోదు ఉందా, ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలు, పిల్లల తల్లిదండ్రులు వచ్చి చూసి వెళ్ళడానికి వీలుందా అన్నవి తర్వాత అడగండి. పర్యాటక వీసా మీద వెళ్ళి ఇలాంటి పని చేయడం చాలా దేశాలలో చట్టవిరుద్ధం, నేపాల్ అందులో ఒకటి. సంస్థ దీన్ని మీకు చెప్పకుండా దాటవేసి ఉంటే, వారి మిగతా మాటలను కూడా ఆ వెలుగులోనే చూడండి.

ఆశ్రమం మంచిదే అని తేలి, మీరు వెళ్ళి తీరాలనుకుంటే, పిల్లల కోసం కాక అక్కడి పెద్దల కోసం వెళ్ళండి. మీలో లెక్కలు తెలిసినవారుంటే ఖాతాల నిర్వహణ నేర్పవచ్చు. కంప్యూటర్ తెలిసినవారు పిల్లల వివరాలను భద్రపరిచే పద్ధతి చేసి ఇవ్వవచ్చు. గోడలకు రంగులు వేయవలసి వస్తే ఆ పనిని ఆ ఊరి పనివాళ్ళకే ఇప్పించండి. ఆ కూలి డబ్బుతో ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, ఆ ఇంటి పిల్ల ఆశ్రమం దాకా రాకుండా ఆగుతుంది.

ప్రశ్న: పోయిన సంవత్సరం ఒక ఆశ్రమానికి వెళ్ళినప్పుడు తీసిన ఫొటోలు సామాజిక మాధ్యమాలలో పెట్టాం. వాటిని చూసి చాలామంది విరాళాలు ఇస్తున్నారు. నిర్వాహకులు అనుమతించారు కూడా. తప్పేమీ లేదు కదా?

జవాబు: ఉంది. నిర్వాహకుల అనుమతి పిల్ల అనుమతి కాదు, ఆమె కన్నవారి అనుమతీ కాదు. 1989 నాటి బాలల హక్కుల ఒడంబడికలోని 16వ అధికరణం పిల్లల ఆంతరంగిక జీవితానికి, గౌరవానికి రక్షణ ఇస్తుంది, ఆ రక్షణ ఆశ్రమం గేటు దగ్గర ఆగిపోదు. “తండ్రి వదిలేసిన పిల్ల” అని మీరు ఫొటో కింద రాసిన వాక్యాన్ని ఆమె 18 ఏళ్ళ వయసులో, ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడో, ఒక ఇంటి కోడలవుతున్నప్పుడో ఎవరో తవ్వి తీస్తారు. అక్రమ రవాణా నుంచి గాని, హింసించిన బంధువు నుంచి గాని తప్పించి తెచ్చిన పిల్లల ఆచూకీ ఒక్క ఫొటోతో బయటపడుతుంది. ముఖాలు, పేర్లు, ఊరి ఆనవాళ్ళు ఉన్నవాటిని ఇవాళే తొలగించండి, పంచుకున్నవారిని కూడా తొలగించమని అడగండి. విరాళాల కోసం ఏదో ఒకటి చూపాలంటే, బాగుచేసిన పైకప్పును చూపండి.

ప్రశ్న: నేను 11 ఏళ్ళుగా విదేశంలోని ఒక ఆశ్రమానికి నెలనెలా డబ్బు పంపుతున్నాను, మా బృందంతో రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాను కూడా. ఇప్పుడు అందరూ వాలంటీర్లు వెళ్ళకూడదు, విరాళాలు ఇవ్వకూడదు, ఆశ్రమాలే ఉండకూడదు అంటున్నారు. చెప్పడం తేలిక. అక్కడ 40 మంది పిల్లలున్నారు. నేను మానేస్తే రేపు వాళ్ళకు అన్నం ఎవరు పెడతారు?

జవాబు: మీ కోపం నాకు అర్థమైంది, మీ ప్రశ్న న్యాయమైనది. డబ్బు ఉన్నట్టుండి ఆపవద్దు. ఆదాయం ఒక్కసారిగా ఆగిపోయిన ఆశ్రమాల నుంచి పిల్లలను రాత్రికి రాత్రి మరో చోటికి తరలించడమో, ముందూ వెనుకా విచారించకుండా ఊళ్ళలో దింపి రావడమో జరుగుతుంది. అది మరో అన్యాయం అవుతుంది.

మానేయడం కాదు, మళ్ళించడం కావాలి. రువాండా ప్రభుత్వం 2012లో ఆశ్రమాలలోని పిల్లలను క్రమంగా కుటుంబాలకు చేర్చాలని విధానం చేసుకుంది. అలాంటి పని ఎలా జరుగుతుందో చెబుతాను. ముందు పిల్ల ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతారు, దీనికే కొన్ని నెలలు పడుతుంది, ఎందుకంటే చాలామంది పిల్లల పేర్లు కూడా మారిపోయి ఉంటాయి. ఇల్లు దొరికాక సామాజిక కార్యకర్త వెళ్ళి చూస్తుంది: పిల్లను పంపడానికి కారణమైన ఇబ్బంది ఇంకా ఉందా, ఇంట్లో ఎవరైనా చేయి చేసుకునేవారున్నారా, అమ్మమ్మో మేనత్తో చూసుకోగలరా. తర్వాత పిల్ల ఒక పూట వెళ్ళి వస్తుంది, ఆపై ఒక రాత్రి, ఆపై సెలవులు. చివరికి ఇంటికి చేరాక కూడా బడి ఫీజు, పుస్తకాలు, ఆ తల్లి నిలదొక్కుకునేందుకు కుట్టు మిషనో మేకలో, కనీసం ఏడాది రెండేళ్ళు వెళ్ళి చూసి రావడం. మీ నెలసరి డబ్బు ఈ పనికి వెళ్ళాలి. సాధారణంగా ఒక పిల్లను ఆశ్రమంలో ఉంచే ఖర్చు కన్నా, ఆమెను ఇంట్లో ఉంచి ఆ కుటుంబానికి ఆసరా ఇచ్చే ఖర్చు తక్కువ. పేదరికం ఒక్కటే కారణంగా పిల్లను కన్నవారి నుంచి వేరు చేయకూడదని, అలాంటి చోట ఆ కుటుంబానికి తోడ్పాటు ఇవ్వాలని ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన ప్రత్యామ్నాయ సంరక్షణ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

తొందరపాటు మంచితనం ఎంత దూరం తీసుకుపోతుందో హైతీ చెబుతుంది. 2010 జనవరిలో అక్కడ భూకంపం వచ్చిన కొద్ది వారాల్లోనే, 33 మంది పిల్లలను అనుమతి పత్రాలు లేకుండా సరిహద్దు దాటించి డొమినికన్ రిపబ్లిక్‌లో ఆశ్రమం పెట్టాలనుకున్న పది మంది అమెరికన్లను పోలీసులు ఆపారు. ఆ పిల్లలలో ఎక్కువ మందికి కన్నవారు ఉన్నారు. మంచి చదువు, మంచి బతుకు దొరుకుతాయన్న ఆశతో వారే పిల్లలను అప్పగించారు.

అందరు పిల్లలూ ఇంటికి వెళ్ళలేరన్నది కూడా నిజం. ఇల్లే ప్రమాదమైన పిల్లలుంటారు, నా అన్నవారు ఎక్కడా దొరకని పిల్లలుంటారు. వారికి పెంపుడు కుటుంబం కావాలి, అదీ కుదరకపోతే కొద్దిమంది పిల్లలు, మారని పెద్దలు ఉండే చిన్న ఇల్లు కావాలి. మీ ఆశ్రమం వారికి ఒక ఉత్తరం రాసి, 40 మందిలో ఎవరెవరికి బంధువులున్నారని, వారిని కలపడానికి ఎంత ఖర్చవుతుందని అడగండి. నిర్వాహకులు ఆనందంగా లెక్క వేసి పంపితే, మీరు 11 ఏళ్ళుగా సరైన చోటే డబ్బు పెట్టారన్నమాట. “మా పిల్లలకు మేమే తల్లిదండ్రులం” అని మాట దాటవేస్తే, ఆ జవాబును తేలిగ్గా తీసుకోవద్దు. డబ్బు వస్తున్నా పిల్లలు ఎప్పుడూ చిరిగిన బట్టలతోనే కనిపించడం, బృందం వచ్చినప్పుడల్లా బడి మాన్పించి స్వాగత నృత్యం చేయించడం వంటివి మీరు వెళ్ళినప్పుడు చూసి ఉంటే, వాటిని కూడా ఇప్పుడు మళ్ళీ గుర్తు తెచ్చుకోండి. అలాంటి ఒక నృత్యాన్ని నేను ముందు వరుసలో కూర్చొని చూశాను. ఎర్రటి ఎండలో చెప్పులు లేకుండా ఆడుతున్న పిల్లలకు చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ప్రశ్న: నేను దంతవైద్యుణ్ణి. మా వైద్యుల బృందం ఏటా వారం రోజులు విదేశంలోని పిల్లల ఆశ్రమంలో ఉచిత శిబిరం పెడుతుంది. ఇది కూడా మానాలా?

జవాబు: మీ పని వేరు, మీకు చేతిలో విద్య ఉంది. అయినా అక్కడి వైద్య మండలి అనుమతి లేకుండా అక్కడ చికిత్స చేయకూడదు, ఆ ఊరి దంతవైద్యుడిని పక్కన పెట్టుకోకుండా శిబిరం పెట్టకూడదు. మీరు పన్ను తీసిన పిల్లకు నాలుగో రోజు చీము పడితే చూసేది ఆయనే. ప్రతి పిల్ల చికిత్స వివరాలూ ఆ భాషలో రాసి ఆయన దగ్గర ఉంచండి. ఇంకొక మాట: శిబిరాన్ని ఆశ్రమంలో కాక ఊరి ఆసుపత్రిలోనో బడిలోనో పెట్టండి. ఆశ్రమంలో ఉంటేనే పళ్ళ డాక్టరు చూస్తాడని తెలిస్తే, పంటినొప్పితో ఏడుస్తున్న పిల్లను చూడలేక ఒక తల్లి ఆమెను ఆశ్రమంలో చేర్చవచ్చు. బడిలో పెడితే ఆ తల్లే పిల్ల చేయి పట్టుకొని తీసుకొస్తుంది.

ప్రశ్న: మూడేళ్ళ క్రితం మా బృందంతో ఒక పిల్లల గృహానికి వెళ్ళి నెల రోజులున్నాను. అప్పుడు తొమ్మిదేళ్ళున్న ఒక పాప నన్ను విడిచి ఉండేది కాదు. వచ్చేటప్పుడు మళ్ళీ వస్తానని మాట ఇచ్చాను. తర్వాత ఉద్యోగం, పెళ్ళి, నాకొక బిడ్డ. వెళ్ళలేకపోయాను. అక్కడి సిబ్బంది ఫోన్ నుంచి ఆ పాప ఇప్పటికీ అప్పుడప్పుడు సందేశాలు పంపుతుంది, ఎప్పుడొస్తావని అడుగుతుంది. జవాబు ఇవ్వాలంటే గొంతు పూడుకుపోతుంది, ఇవ్వకపోతే రాత్రి నిద్ర పట్టడం లేదు. నేను చేసింది తప్పని ఇప్పుడు తెలుసు. ఏం చేయను?

జవాబు: తెలియక ఇచ్చిన మాట అది, మిమ్మల్ని మీరు దండించుకోవడం వల్ల ఆ పాపకు ఒరిగేదేమీ లేదు. కానీ మౌనంగా ఉండిపోవద్దు. పెద్దలు చెప్పకుండా మాయమైతే, పిల్లలు ఆ కారణాన్ని తమలోనే వెతుక్కుంటారు. నేను అల్లరి చేశానేమో, నేను అందంగా లేనేమో, అని. పన్నెండేళ్ళ పిల్ల ఈ ఆలోచనను ఎవరికీ చెప్పదు, లోపలే మోస్తుంది.

మొదట ఆమెతో కాదు, ఆ గృహంలో ఆమెను రోజూ చూసుకునే మనిషితో మాట్లాడండి. ఆమె పరిస్థితి ఇప్పుడెలా ఉంది, ఆమెకు కుటుంబం ఉందా, ఇంటికి పంపే ప్రయత్నం ఏదైనా జరుగుతోందా, మీ మాటలు ఆమెకు ఊరటనిస్తున్నాయా, లేక గాయాన్ని కెలుకుతున్నాయా అని అడగండి. మీరు ఏం రాయబోతున్నారో ఆ చూసుకునే మనిషికి ముందే తెలియాలి, ఎందుకంటే పాప ఆ ఉత్తరం చదివి ఏడ్చినప్పుడు పక్కన ఉండేది ఆమే. సిబ్బంది ఫోన్‌లో రహస్యంగా సాగే సంభాషణలను ఇంతటితో ఆపండి. అలాంటి దారి మీ విషయంలో నిర్దోషమే అయినా, ఆ దారి తెరిచి ఉండటం పిల్లలకు క్షేమం కాదు.

తర్వాత మీరు నిజంగా ఎంత ఇవ్వగలరో నిజాయితీగా లెక్క వేసుకోండి. చంటిబిడ్డ ఉన్న తల్లి నెలకొక ఉత్తరం రాయలేకపోవచ్చు. ఏడాదికి రెండు రాయగలిగితే, రెండే అని చెప్పండి, ఏ నెలల్లో వస్తాయో చెప్పండి, ఆ నెలల్లో తప్పకండి. ఆమెకు 18 ఏళ్ళు నిండే వరకు ఆ రెండు ఉత్తరాలు ఆగకుండా వెళితే, మీరు విరిచిన చోటే కొంత అతుకు పడుతుంది. అంత కాలం నిలవలేనని అనిపిస్తే, ఇప్పుడే ఒక మంచి ఉత్తరంతో ముగించండి. సగంలో వదిలేయడం కన్నా అది మేలు. ఆమె ఒక్కదానికే బహుమతులు పంపవద్దు, గదిలో మిగిలిన పిల్లల మధ్య ఆమెను అది ఒంటరిని చేస్తుంది. పంపగలిగిన డబ్బు ఉంటే, ఆమె కుటుంబాన్ని వెతికే పనికి ఇస్తానని నిర్వాహకులకు రాయండి.

ఉత్తరంలో విషయం సూటిగా చెప్పండి. వస్తానని మాట ఇచ్చి రాలేకపోయానని, అది నా తప్పేగాని నీ తప్పు ఎంతమాత్రం కాదని రాయండి. ఈ రెండో సగాన్ని తప్పకుండా రాయండి, రెండుసార్లు రాసినా పరవాలేదు. మీకు బిడ్డ పుట్టిన సంగతి దాచవద్దు, ఎప్పటికైనా తెలుస్తుంది. ఆమె గురించి మీకు గుర్తున్న ఒక చిన్న విషయం, జడ వేయించుకుంటూ చెప్పిన కథో, ఆటలో చేసిన మొండితనమో, ఆమె మీ జ్ఞాపకంలో నిజంగా ఉందని తెలిసేలా రాయండి. ఆమె ఇప్పుడు ఏం చదువుతోందో, ఎవరితో స్నేహంగా ఉందో అడగండి. చివర సంతకం పెట్టే ముందు, చేయి అలవాటుగా రాయబోయే “త్వరలో వస్తాను” అన్న మాటను మాత్రం రాయకండి.